కంగాస్ వారి నాడి

థండర్ బే, ఒంటారియో
నవంబరు 19, 1994

అక్కా,

పోయినసారి ఫోను మధ్యలో పెట్టేశానని ఉత్తరం నిండా ఏడ్చావు. అది పెట్టేయడం కాదు, నీ ఉపన్యాసానికి కాస్త విరామం ఇవ్వడం. ఇకమీద ఉత్తరాలే రాసుకుందామన్నావు, మంచిదే. ఉత్తరంలో నువ్వెంత అరిచినా నాకు వినపడదు.

ఇక్కడ మంచు బాగా పడింది. ఫ్లోరిడా ఎండలో మాడిపోతున్న నీకు కుళ్ళు పుట్టాలని ఈ మాట మొదటే రాస్తున్నాను. స్కీ క్లబ్బు తెరిచారు. శనివారం బల్ల కూడా మొదలైంది. ఆడవాళ్ళని ఆ గదిలోకి రానిచ్చేవాళ్ళు కాదు కనక నీకు దాని సంగతి పూర్తిగా తెలియదు, చెప్తాను విను. స్కీలు విప్పేసి, కాఫీ కూడా ముట్టకుండా, అందరం బల్ల మీద కదలకుండా చాలాసేపు కూర్చుంటాం. వెయిక్కో గడియారం పట్టుకుంటాడు. మెడ మీద వేళ్ళు పెట్టుకుని నిమిషంలో గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో ఎవరిది వాళ్ళు లెక్కపెట్టుకోవాలి. అందరికంటే తక్కువ వచ్చినవాడు ముందుగా సౌనా ఆవిరిగదిలోకి వెళ్ళి, పై మెట్టు మీద కూర్చుని, కాలిన రాళ్ళ మీద మొదటి చెంబు నీళ్ళు పోస్తాడు. అందరికంటే ఎక్కువ వచ్చినవాడు పొయ్యికి కట్టెలు మోస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఆ కట్టెలు పాపం ఓన్నీయే మోస్తున్నాడు. వాడిది డెబ్భై రెండు! ఆ గుండె కొట్టుకుంటుంటే పక్కన కూర్చున్నవాడికి నిద్ర పట్టదు.

నాది ఎంతో తెలుసా? నలభై నాలుగు. నమ్మలేక వెయిక్కో మళ్ళీ చూశాడు. నలభై నాలుగే. "కంగాస్ వారి నాడి అంటే ఇదిరా!" అన్నాడు. తలుపు మీద నాన్న పేరు కాల్చి రాసిన చెక్క ఇంకా అలాగే ఉంది. ముప్పై ఎనిమిది. ఇన్నేళ్ళలో ఎవడూ దాని దరిదాపులకి రాలేదు. ఈ చలికాలం నేను వస్తాను చూడు.

ఇక్కడంతా బాగానే ఉంది. కట్టెలు కూడా వెయిక్కో వచ్చి లోపల పేర్చి వెళ్ళాడు.

తమ్ముడు,
తౌనో


లేక్ వర్త్, ఫ్లోరిడా
డిసెంబరు 2

శ్రీ నలభై నాలుగు గారికి,

తమరి ఉత్తరం అందింది. ఆనందం పట్టలేక ఒక యాలకుల రొట్టె ఎక్కువ తిన్నాను. డెబ్భై ఏళ్ళ ముసలాళ్ళు వరసగా బల్లమీద కూర్చుని, తమ పీకలు తామే పట్టుకుని, చావుకి ఎవడు దగ్గరగా ఉన్నాడో చూసి వాడికి చప్పట్లు కొడతారా? ఆడవాళ్ళని ఆ గదిలోకి ఎందుకు రానివ్వలేదో నాకిప్పటికి తెలిసింది. ఒక్కతి వచ్చి చూసినా ఆట కట్టయ్యేది.

సరే, నాకో చిన్న సందేహం. వయసులో ఉండగా పందేలు గెలిచే రోజుల్లో నీది యాభై రెండని నువ్వే చెప్పుకుని తిరిగేవాడివి. అప్పుడు పొద్దున్నా సాయంత్రం స్కీలు తొక్కేవాడివి. ఇప్పుడు శనివారం పూట నాలుగడుగులు జారి, మిగతా వారమంతా కుర్చీలో పేపరు చదువుతున్నావు. అయినా నలభై నాలుగా? పేపరు చదివితే గుండె గట్టిపడుతుందని ఏ శాస్త్రంలో ఉందిరా?

ఇంకోటి. నీ కట్టెలు వెయిక్కో పేర్చాడని చివర్లో ఒక ముక్క పారేశావు. నీ కట్టెల్ని ఇంకొకడు ముట్టుకుంటే నువ్వు ఊరుకోవు. మా ఆయన ఆర్వో, పాపం చచ్చి ఏ లోకాన ఉన్నాడో, ఒక్కసారి నీకు సాయం చేద్దామని నాలుగు దుంగలు పేర్చితే అవన్నీ పీకి మళ్ళీ పేర్చావు. అలాంటిది వెయిక్కో పేరిస్తే నువ్వేం చేస్తున్నావు? కుర్చీలో కూర్చుని నాడి చూసుకుంటున్నావా?

నేను బాగానే ఉన్నాను. మన ఫిన్లాండు వాళ్ళ ఫిన్నిష్ హాలులో క్రిస్మస్ వంటలకి మళ్ళీ నన్నే ముందుకి తోశారు. వంటింటికీ హాలుకీ మధ్య తిరిగేసరికి గుండె దడదడలాడుతోంది. కాఫీ తగ్గించాలి.

అక్క,
ఐలి


థండర్ బే
డిసెంబరు 20

అక్కా,

నీకు కుళ్ళు. అంతే. చిన్నప్పటినుంచీ అంతే. నాన్న నన్ను స్కీల మీదికి తీసుకెళ్ళాడు, నిన్ను ఆవు దగ్గరికి పంపాడు. అరవై ఏళ్ళయినా ఆ ఆవు నీ మనసులోంచి పోలేదు.

నలభై! విన్నావా? పోయిన శనివారం నలభై. అందరూ లేచి నిలబడ్డారు. మొదటి చెంబు నేనే పోశాను. పోసి పైమెట్టు మీద ఎంతోసేపు కూర్చోలేదనుకో, ఈసారి ఓన్నీ పొయ్యి మరీ మండించాడు, కళ్ళు బైర్లు కమ్మాయి. వాడికీ కుళ్ళే.

కట్టెల సంగతి అడిగావు. మణికట్టు నొప్పి. అది కూడా నీకు రిపోర్టు పంపాలా? వయసు మీద పడ్డాక అన్నీ మారతాయి. మా ఇంటికీ పోస్టు డబ్బాకీ మధ్య ఉన్న ఆ చిన్న ఎత్తు లేదూ, అది కూడా ఈ మధ్య నిటారుగా అయినట్టుంది. మునిసిపాలిటీ వాళ్ళు రోడ్డు వేసినప్పుడు పెంచేశారో ఏమో. మధ్యలో ఒకసారి ఆగితే గాని పైకి రాలేకపోతున్నాను. మొన్న నీ ఉత్తరం తెచ్చుకుంటూ మంచుగడ్డ మీద జారి పడ్డాను కూడా. దెబ్బేం తగల్లేదు. అక్కడే కాసేపు పడుకుని ఆకాశం చూశాను. ఎవరూ జారకుండా దారి పొడుగునా నేనే బూడిద చల్లి ఉంచాను, అయినా చూడు ఖర్మ.

క్రిస్మస్ శుభాకాంక్షలు. ఆవుకి కూడా.

తౌనో


లేక్ వర్త్
జనవరి 4, 1995

ఒరేయ్ తౌనో,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు.

బూడిద చల్లిన దారిలో మంచుగడ్డ మీద జారావా? ఒకే పేరాలో రెండు అబద్ధాలు ఇమడవురా, కాస్త దూరం దూరంగా రాయాలి. నువ్వు జారలేదు. కళ్ళు తిరిగి పడ్డావు. పడ్డాక లేవలేకపోయావు. దానికి ఆకాశం చూశానని పేరు పెట్టావు. యాభై ఏళ్ళుగా మునిసిపాలిటీ వాళ్ళు ఆ రోడ్డులో గుంత పూడ్చిన పాపాన పోలేదు, ఇప్పుడు నీ కోసం కొండని పైకి లేపారు కాబోలు!

కట్టెలు మోయలేవు. ఎత్తు ఎక్కలేవు. సౌనాలో కళ్ళు బైర్లు కమ్ముతాయి. దారిలో పడిపోతావు. పైగా గుండె నెలనెలా నెమ్మదిస్తోంది. ఇవన్నీ నువ్వే రాశావు, నేనేం కల్పించలేదు. వీటిని పక్కపక్కన పెట్టి చూడటానికి డాక్టరు చదువు అక్కర్లేదు. ఆవుల్ని కాసినదాన్ని, నాకే అర్థమవుతోంది. ఆవు మేత మానేసి ఒక మూల నిలబడితే, ఎంత శాంత స్వభావమో అని మనం దండ వేయలేదు. పశువుల డాక్టరుని పిలిచాం.

ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళు. వచ్చే వారం కాదు, ఈ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని ఇప్పుడే వెళ్ళు. మార్చిలో పెద్ద స్కీ పందేనికి కూడా పేరిచ్చావని వెయిక్కో వాళ్ళావిడ రాసింది. నువ్వు నాకు చెప్పలేదు. అందుకే భయంగా ఉంది.

అక్క


థండర్ బే
జనవరి 15

అక్కా,

వెళ్ళొచ్చాను. ఇప్పుడు సంతోషమా? మొన్న మంగళవారం డాక్టర్ సల్మి దగ్గరికే వెళ్ళాను, ఇన్నేళ్ళుగా మనవాళ్ళందరికీ ఆయనేగా. చాలాసేపు పరీక్ష చేశాడు. "తౌనో, ఇలాంటి గుండె నా సర్వీసులో చూడలేదు" అన్నాడు. పక్క గదిలోంచి ఇద్దరు కుర్ర డాక్టర్లని పిలిచి మరీ చూపించాడు. పందేనికి వెళ్ళొచ్చన్నాడు. నీకు నమస్కారాలు చెప్పమన్నాడు.

అసలు సంగతి, శనివారం ముప్పై ఏడు. నాన్న రికార్డు కొట్టేశాను! వెయిక్కో మూడుసార్లు లెక్కపెట్టాడు. కొత్త చెక్క చేయిస్తున్నారు. నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో. ఈ ఒక్కసారికి నువ్వు కూడా సంతోషించవే.

తౌనో


లేక్ వర్త్
జనవరి 26

మహా గుండె గారికి,

డాక్టర్ సల్మి నమస్కారాలు అందాయి. ఎలా అందాయంటే, నీ ఉత్తరం చదువుతున్నప్పుడు ఆయన నా ఎదురుగా కూర్చుని పేకముక్కలు పంచుతున్నాడు.

అవును నాయనా. ఆయన పోయిన ఆగస్టులోనే ఉద్యోగం మానేశాడు. థండర్ బేలో ఓపిక అయిపోయిన ప్రతి ఫిన్నిషోడూ చివరికి వచ్చి పడేది లేక్ వర్త్‌లోనే కదా, ఈయనా మా వీధిలోనే ఇల్లు తీసుకున్నాడు. మంగళవారం, శుక్రవారం హాలులో పేకాట. నిన్ను పరీక్ష చేసి ముచ్చటపడ్డ ఆ మంగళవారం ఆయన నా దగ్గర మూడాటలు ఓడిపోయి, నా పుల్లటి కూరని కూడా తిట్టాడు. నువ్వు డాక్టరు మొహం చూసి చాలాకాలమైందన్నమాట. లేకపోతే అబద్ధానికి ఊళ్ళో ఉన్న డాక్టరునైనా ఎంచుకునేవాడివి.

నీ ఉత్తరాలన్నీ ఆయనకి చదివి వినిపించాను. సిగ్గేమీ పడకు, ఆకాశం చూసిన ముక్క దగ్గర హాలంతా నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "తీరిగ్గా కూర్చున్న మనిషికి నిమిషానికి అరవై నుంచి వంద దాకా మామూలు, ఐలి. బాగా సాధన చేసే వాళ్ళకి నలభైల్లో ఉన్నా, ఒంట్లో ఏ ఇబ్బందీ లేకపోతే, కంగారేం లేదు. నేను అంకె ఒక్కటే చూడను. అది ఎప్పటినుంచీ అలా ఉందా, ఈ మధ్య మారిందా అని చూస్తాను. సాధన తగ్గాక కూడా నాడి పడిపోతోందంటే, దానికి తోడు ఆయాసం, కళ్ళు తిరగడం ఉన్నాయంటే, అది బలం కాదు. వెంటనే చూపించుకోవాలి. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఇంట్లో కూర్చుని లెక్కపెట్టుకోకూడదు, అంబులెన్సు పిలవాలి. మీ తమ్ముడు ఇప్పటికే పడ్డాడు. వాడు పోస్టు డబ్బా దాకా కూడా ఒంటరిగా వెళ్ళకూడదు."

అర్థమైందా? లేక ఫిన్నిష్‌లో మళ్ళీ రాయమంటావా?

ఎలా చూడాలో కూడా నా మణికట్టు పట్టుకుని చూపించాడు. ఒక నిమిషం పట్టుకున్నాడు. తర్వాత మళ్ళీ ఇంకో నిమిషం. రిటైరైన వాళ్ళకి పని కావాలి కదా, పాపం.

ఇంకొక్క మాట. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. నాన్న నాడి గురించి కూడా సల్మిని అడిగాను. ఆయన ముక్కలు కింద పెట్టి, "ఆఖరి రోజుల్లో మీ నాన్నకి ఆయాసం ఉండేదా?" అన్నాడు. ఉండేదిరా. పాల క్యాను ఎత్తలేక నాకిచ్చేవాడు. యాభై ఆరేళ్ళకి కట్టెల పక్కన కూర్చుని అలాగే పోయాడు. గుండె అంత గట్టిది కనక నొప్పి కూడా తెలియలేదని ఊరంతా పొగిడింది. మనమూ పొగుడుకున్నాం. నువ్వు కొట్టింది రికార్డో, మరేంటో ఒకసారి ఆలోచించు.

ఐలి


థండర్ బే
ఫిబ్రవరి 6

ఐలీ,

నాన్న జోలికి రాకు. నన్ను ఏమైనా అను, అబద్ధాలకోరు అను, పడతాను. అబద్ధమే ఆడాను. నీ పోరు పడలేక ఆడాను. కాని నాన్న గుండెకి పేరు పెట్టే హక్కు నీకూ లేదు, పేకాటలో ఓడిపోయే ఆ డాక్టరుకీ లేదు. ఇంత పెద్ద స్కీ ఊళ్ళో మన ఇంటిపేరు చెప్పుకోవడానికి మిగిలింది ఆ చెక్క ఒక్కటే.

ఈ ఉత్తరం ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. తర్వాత నీది మళ్ళీ చదివాను. ఆవుల్ని కాసినదానివి నువ్వొక్కదానివే తెలివైనదానివి అనుకుంటున్నావా?

సల్మి రెండోసారి ఎందుకు లెక్కపెట్టాడు?

ఎలా చూడాలో చూపించడానికి ఒకసారి చాలు. మా వెయిక్కో మొదటి లెక్క నమ్మకపోతేనే రెండోసారి చూస్తాడు. డిసెంబరులో వంటింట్లో గుండె దడ అన్నావు, కాఫీ మీద తోశావు. నీ రాత కూడా మారింది. ఇదివరకు పేజీ నిండా గీత గీసినట్టు రాసేదానివి, ఇప్పుడు పంక్తులు కిందికి జారుతున్నాయి. నీ అంకె ఎంత? ఎగ్గొట్టకుండా చెప్పు. నన్ను బోనులో నిలబెట్టి నువ్వు పక్క తలుపులోంచి వెళ్ళిపోతున్నావు.

తౌనో


లేక్ వర్త్
ఫిబ్రవరి 16

తమ్ముడూ,

నూట ఇరవై నాలుగు. అది కూడా కూర్చుని, కాఫీ తాగకుండా, నా చేతిలో మంచి ముక్కలు కూడా లేనప్పుడు. పైగా వరసగా కొట్టుకోవడం లేదట. రెండడుగులు పరిగెత్తి ఒకడుగు ఆగే తాగుబోతులా ఉందన్నాడు సల్మి. వెంటనే చూపించుకోవాలన్నాడు.

నేను వెళ్ళను.

నువ్వు ఈసీజీ తీయించుకుని, ఆ కాగితం నాకు పోస్టు చేసిందాకా వెళ్ళను. కాగితం అంటే కాగితమే, సల్మి మెచ్చుకున్నాడు, ఆకాశం బాగుంది లాంటి కబుర్లు చెల్లవు. నీ బల్లమీద నాకూ కాస్త చోటు ఉంచమను. ఓన్నీని తప్పించి ఈసారి కట్టెలు నేను మోస్తాను.

నేను మొండిదాన్నని నీకు తెలుసు. అమ్మ చెప్పినా వినలేదు, ఆర్వో చెప్పినా వినలేదు. నువ్వు ఎన్ని రోజులు కూర్చుంటే నేనూ అన్ని రోజులు కూర్చుంటాను. నువ్వు పోయాక నేను చక్కటి నాడి పెట్టుకుని ఎవరికి చూపించాలి?

అక్క


థండర్ బే
మార్చి 3

అక్కా,

ఇదిగో కాగితం. కొండలూ లోయలూ ఉన్నాయి చూడు. కొండలకంటే లోయలే ఎక్కువ ఉన్నాయని డాక్టరు చెప్పింది. ఇప్పుడు నువ్వు లేచి చెప్పులేసుకుని ఆసుపత్రికి బయల్దేరు. మిగతాది తిరిగొచ్చాక చదువుకో.

వెళ్ళవని తెలుసు. సరే విను.

నీ ఉత్తరం శనివారం పొద్దున వచ్చింది. చదివాను. నన్ను నువ్వు తిట్టిన తిట్లు నాకెప్పుడూ ఆనలేదు. ఆ నూట ఇరవై నాలుగు మాత్రం ఆనింది. మా అక్క అన్నంతా చేస్తుంది, నేను కదలకపోతే ఇది నిజంగానే అక్కడ కూర్చుని చస్తుంది అనుకున్నాను. క్లబ్బుకి వెళ్ళి, స్కీలు కూడా తొడగకుండా, "వెయిక్కో, నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళరా" అన్నాను. వాడు గడియారం చేతిలో పట్టుకుని ఉన్నాడు. "తీసుకెళ్తాలే, ఒక్క నిమిషం, ముందు ఇది చూసేద్దాం. ఇవాళ అందరూ నీ కోసమే వచ్చారు" అన్నాడు.

చూశారు. ముప్పై నాలుగు.

ఒకటే కేకలు. కొత్త చెక్క తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. కారెక్కుదామని లేచాను. లేచిన వరకే గుర్తుంది. నేను నేల మీద ముందుకి పడితే, అందరికీ వంగి దణ్ణం పెడుతున్నాననుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారట! చప్పట్లు ఆపినవాడు ఓన్నీ ఒక్కడే. వాడే కట్టెలు కింద పారేసి ఫోను దగ్గరికి పరిగెత్తాడు. డెబ్భై రెండు కొట్టుకునే గుండె కదా, పరిగెత్తగలిగాడు.

ఆసుపత్రిలో డాక్టరు చిన్నపిల్ల, మన స్కీ కోటు జేబులో పట్టేటంత ఉంది. ఆవిడతో కూడా కోతలు మొదలుపెట్టాను. "అమ్మాయ్, మా ఇంటి నాడే అంత. ఇది వ్యాయామం చేసిన గుండె" అన్నాను. ఆవిడ కాగితం చూస్తూ, "తాతగారూ, మీ గుండెలో పై గది చెప్పేది కింద గదికి చేరడం లేదు. కింద గది విసుగెత్తి తనకి తోచినప్పుడు కొట్టుకుంటోంది. మీరు ఇంకా కూర్చుని మాట్లాడుతున్నారంటే నాకే ఆశ్చర్యంగా ఉంది" అంది. ఆసుపత్రిలో మెచ్చుకోలు అలా ఉంటుందని నాకు తెలియదు. మర్నాడే భుజం కింద చిన్న కోత పెట్టి పేస్‌మేకర్ పెట్టారు. అరవైకి తగ్గనివ్వదట. ఏం చేసినా తగ్గదు, నేను అడిగాను.

ఇప్పుడు పోస్టు డబ్బా దగ్గరి ఎత్తు ఎక్కితే ఆయాసం రావడం లేదు. మునిసిపాలిటీ వాళ్ళు మళ్ళీ దించేసినట్టున్నారు.

క్లబ్బులో దీని మీద పెద్ద మీటింగు పెట్టారు. బ్యాటరీతో కొట్టుకునే గుండెని పోటీలో లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని. తీసుకోకూడదని తేల్చారు. బల్ల మీద నాకు చోటు పోయింది. కొత్త చెక్క వెనక్కి తీసుకున్నారు. చెయ్యి ఎత్తకూడదన్నారు కనక కట్టెలు మోసే పని కూడా ఇవ్వలేదు. అందరూ ఎగతాళి చేశారు గాని, మర్నాడు గుట్టుచప్పుడు కాకుండా వెయిక్కో ఆసుపత్రిలో నాడి చూపించుకుంటూ దొరికిపోయాడు. నా పక్క మంచం మీద కూర్చుని, నన్ను చూడటానికి వచ్చానన్నాడు, చొక్కా లేకుండా.

నాన్న సంగతి ఆ పిల్లని నేను కూడా అడిగాను. చూడని మనిషి గురించి చెప్పలేనంది. నేను వదల్లేదు. ఆయాసం ఉండేదన్నాను, పాల క్యాను అక్కకిచ్చేవాడన్నాను. "ఆయనకీ ఇదే జబ్బు అయి ఉండొచ్చు" అంది. అక్కా, ఏడ్చానే. ఆవిడ కుట్లు నొప్పి పుడుతున్నాయనుకుని మాత్ర ఇవ్వబోయింది. నాన్న బలవంతుడని గొప్పలు పోయాం గాని, ఆయన ఆ ఆఖరి చలికాలమంతా బాధపడుతూనే స్కీలు తొక్కాడు. మనం చప్పట్లు కొట్టాం.

నువ్వు చెప్పింది నిజం. ఒప్పుకున్నాను. ఇక వెళ్ళవే. నీ కాళ్ళు పట్టుకుంటాను, వెళ్ళు.

తమ్ముడు,
తౌనో


లేక్ వర్త్
మార్చి 14

ఒరేయ్ అరవై,

నీ కాగితం వచ్చింది. అందులో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, కాఫీ చల్లారిపోయే దాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. నా తమ్ముడి గుండె అంత వంకరటింకరగా ఉంటుందని నాకు ముందే తెలుసు. ఇప్పుడు రుజువు దొరికింది.

వెయిక్కో బుర్ర మీద ఆ గడియారంతోనే ఒకటి పెట్టమని వాళ్ళావిడకి విడిగా రాశాను. ఓన్నీకి రెండు యాలకుల రొట్టెలు పార్సెల్ చేశాను. అందులో నీకు వాటా లేదు.

ఇప్పుడు నా సంగతి. కూర్చుని చదువు, లేచి దణ్ణాలు పెట్టకు.

నేను ఎప్పుడో వెళ్ళాను. సల్మి నా నాడి చూసిన మర్నాడే వెళ్ళాను. తన కారులోనే తీసుకెళ్ళాడు, దారంతా నేను ఆ మూడాటలు ఎలా గెలిచానో అని ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. గుండె లయ తప్పిందట. అలా వదిలేస్తే లోపల రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ తలకెక్కి, నోరూ చెయ్యీ పడిపోయేవట. నా నోరు పడిపోతే నీకు పండగే. రక్తం పలచబడటానికి ఒక మాత్ర, గుండెని కాస్త నిదానించడానికి ఒక మాత్ర ఇచ్చారు. ఇప్పుడు డెబ్భై ఆరు. ఓన్నీ కంటే నాలుగు ఎక్కువ. వారం వారం వెళ్ళి రక్తం పరీక్ష చేయించుకుని వస్తున్నాను. "వెళ్ళను" అని నీకు రాసిన ఉత్తరం కూడా ఆసుపత్రి నుంచి వస్తూ దారిలోనే పోస్టు చేశాను.

తిట్టుకో. నువ్వు వెళ్ళకుండా వెళ్ళానని రాశావు. నేను వెళ్ళి కూడా వెళ్ళలేదని రాశాను. ఒకే అమ్మ పిల్లలం. నీ కోసం నువ్వు కదలవని నాకు తెలుసు, అంత బుద్ధి నీకుంటే ఈ ఉత్తరాలే ఉండేవి కావు. నా కోసం కదులుతావేమోనని ఒక్క ఆశ. కదిలావు. ఆ మాట రాస్తుంటే నా డెబ్భై ఆరు కూడా ఎటో పోతోంది.

ఆ రోజు సల్మి నా చెయ్యి రెండోసారి పట్టుకుని, "ఐలి, రేపే రావాలి" అన్నప్పుడు నాకు మొదటిసారి భయమేసిందిరా. చచ్చిపోతానని కాదు. ఆర్వో పోయాక దానికంత భయం లేదు. నీ అబద్ధాల ఉత్తరం అప్పుడింకా నా ఒళ్ళోనే ఉంది. నేను గనక పోతే, ఇంక వీడు రాసేదంతా నమ్మేవాళ్ళే మిగులుతారు కదా అనుకున్నాను.

అక్క,
ఐలి